ఆఖరున వచ్చే సైకిల్

బౌడన్, అడిలైడ్
23 ఫిబ్రవరి 1936, ఆదివారం

ఎఫీ అత్తయ్యకి,

మీరు పంపిన ఆప్రికాట్ జామ్ సీసా పగలకుండా చేరింది. సగం ఐవీ వదినే తినేసింది. కాబట్టి మీ అమ్మాయి ఊపిరితిత్తుల గురించి మీరిక బెంగ పెట్టుకోనక్కర్లేదు.

అసలు సంగతి రాస్తున్నాను. మేమిద్దరం సైకిల్ యాత్ర నేర్చుకుంటున్నాం. సాయంకాలం నదిఒడ్డున షికారు కాదు. తిండి, డేరా, దుప్పటి, రెంచీలు, అన్నీ సైకిల్ మీదే కట్టుకుని రోజుల తరబడి పోవడం. వెనక లారీ ఉండదు, దారిలో హోటలు ఉండదు. ఆరుగురం. ఈస్టర్ నాలుగు రోజుల సెలవుల్లో మీ వైపుకే వస్తున్నాం. రైల్లో పీటర్‌బరో దాకా, అక్కణ్ణుంచి ఒరొరూ, కారిటన్, హామండ్, విల్మింగ్టన్.

ఎందుకంటారా? బూట్ల కర్మాగారంలో నా కాళ్ళు రోజంతా ఇంకొకరి కోసం నిలబడతాయి. సెలవు రోజునైనా నా కోసం కదలాలి. ఓడరేవు కార్మికుల హాల్లో రెండు పెన్నీలకి దొరికే కరపత్రం ఒకటి చదివాను. కష్టజీవికి దొరికిన మొదటి స్వేచ్ఛ సైకిలేనట! మీకూ ఒక ప్రతి పంపుతున్నాను. పొయ్యి రాజెయ్యడానికి వాడకండి.

మాకు నేర్పేది క్లెమ్ నోస్కె అనే రైల్వే గార్డు. మొదటి ఆదివారమే ఆయనకీ నాకూ పడలేదు. సామాన్లన్నీ తెచ్చి దుప్పటి మీద పరవమన్నాడు. పరిచాం. ఆరు పంపులు, ఆరు టీ డబ్బాలు, ఆరు గొడ్డళ్ళు.

“ఆరు గొడ్డళ్ళా? వెళ్ళేది యాత్రకా, అడవి నరకడానికా?” అన్నాడు.

“మన భారం మనమే మోసుకోవాలని మీరేగా అన్నారు,” అన్నాను.

“మన అంటే ఆరుగురిదీ తల్లీ, ఒక్కొక్కరిదీ కాదు,” అని ఒక గొడ్డలి, రెండు పంపులు ఉంచి మిగతావి ఇంటికి పంపేశాడు. ఆ మాట నిజమేననిపించింది. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

ఆయనకి గార్డు బుద్ధి పోలేదు. గుంపు వెళ్ళేటప్పుడు అందరికంటే నెమ్మదైనవాళ్ళు ముందుండాలట. పంపూ పనిముట్లూ పట్టుకుని గట్టివాడు ఆఖర్న రావాలట. దారి చీలిన చోట ముందున్నవాళ్ళు వెనకవాళ్ళు కనబడేదాకా ఆగాలట. ఎవరు ఎక్కడుండాలో ఆయన చెప్పాలి, మనం వినాలి. ఇది యాత్రా, గూడ్సు బండా?

మీ మేనకోడలు
హిల్డా

జాన్‌బర్గ్
4 మార్చి

హిల్డాకి, అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం శుక్రవారం టపాలో వచ్చింది. చదివి మీ మామయ్యకి వినిపించాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పోయిన శీతాకాలం ఐవీ ఆస్పత్రి మంచం మీద ఏడు వారాలు పడుకుంది. దాని ఊపిరి గలగలమని వినబడేది, కుర్చీలో కూర్చుని లెక్కపెట్టేదాన్ని. నువ్వు అప్పుడు రెండుసార్లు వచ్చావు, పూలు తెచ్చావు, సమ్మె గురించి చెప్పావు. మర్చిపోలేదు. కానీ ఆ ఊపిరి నువ్వు వినలేదు. జామ్ తింటే ఊపిరితిత్తులు బాగుపడవే పిల్లా.

సైకిల్ సంగతి నాకు చెప్పకు. ఉన్ని కత్తిరించేవాళ్ళు ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మా గేటు ముందునుంచే పోతారు, నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. హ్యాండిల్ మీద దుప్పటి చుట్ట, వెనక సంచి. వాళ్ళకి ఏ కరపత్రమూ లేదు. అయినా ఒక్కడు కనబడితే రెండోవాడు ఎక్కడున్నాడో చెప్పగలడు.

ఐవీకి ఇరవై మూడేళ్ళు. వద్దంటే ఆగదు. నీకే చెప్తున్నాను. నీ చూపు దాని మీదే ఉండాలి. దాన్ని ఒంటరిగా వదలనని మాట ఇస్తే సరే, లేకపోతే నేనే రైలెక్కి వచ్చి ఆ సైకిల్‌ని కోళ్ళ గూడుకి తలుపుగా చేస్తాను.

కరపత్రం మీ మామయ్య చదువుతున్నాడు. పొయ్యిలో పెట్టలేదు, అదే చాలనుకో.

నీ
ఎఫీ అత్తయ్య

బౌడన్
15 మార్చి, ఆదివారం

ఎఫీ అత్తయ్యా,

మాట ఇస్తున్నాను. కానీ ఒకటి చెప్పనివ్వండి. ఐవీ వదిన జబ్బుమనిషి కాదు, పసిపిల్ల అంతకంటే కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు జాలిపడి జాలిపడి మనిషిని జబ్బుమనిషిని చేస్తారు. నేను జాలిపడను. సమానంగా చూస్తాను.

ఇవాళ ఆ మాటే అమలు చేశాను. మా గుంపులో పెర్సీ అని రొట్టెల బట్టీలో పనిచేసే ఏనుగులాంటి మనిషి ఉన్నాడు. వదిన వాడిలో సగం ఉంటుంది. నోస్కె ఏం చేశాడంటే వదిన సంచిలోంచి బరువులన్నీ తీసి పెర్సీ సంచిలో పెట్టాడు. అందరి ముందూ! వదిన మొహం ఎర్రబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కిరాణా కొట్టు త్రాసు అడిగి తెచ్చాను. సామానంతా తూచి ఆరు భాగాలు చేశాను, మనిషికి ముప్పై రెండు పౌండ్లు. గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

“త్రాసు బరువు తూస్తుంది గానీ కొండ ఎక్కదమ్మా,” అన్నాడు నోస్కె.

“ఆడవాళ్ళం మొయ్యలేమనా?”

“ఎవరూ మొయ్యలేరని కాదు. మోసి చేరాలి కదా.”

అలా సాయంత్రం దాకా వాదించుకున్నాం. బర్ట్, డాట్ అని కొత్తగా పెళ్ళైన జంట కూడా మాతో వస్తోంది. వాళ్ళిద్దరూ పాపం చెట్టు చాటుకి వెళ్ళి సాండ్‌విచ్‌లు తిన్నారు. చివరికి నా మాటే నెగ్గింది.

గార్డు పద్ధతి మాత్రం ఇంకా నడుస్తోంది. నోస్కె ఎప్పుడు చూసినా వదిన వెనకే వస్తాడు. ఆమె దిగితే దిగుతాడు, ఎక్కితే ఎక్కుతాడు, నీళ్ళ సీసా అందిస్తాడు. నాకు చూడబుద్ధి కాదు.

నేర్చుకున్నవి మీకు నవ్వొచ్చేలా రాస్తాను. బరువు సంచులు కింద వేలాడాలి, పైన కట్టకూడదు. దాహం వేసేదాకా ఆగి నీళ్ళు తాగకూడదు. పల్లేరు ముల్లు దిగిన టైరుని ట్యూబు పీకకుండా తడి చేత్తో తడిమి కనిపెట్టాలి. నాకు పంక్చర్ వెయ్యడం పదకొండు నిమిషాల్లో వచ్చేసింది. డాట్‌కి తొమ్మిది.

హిల్డా

జాన్‌బర్గ్
28 మార్చి

హిల్డా,

రెండు ముక్కలే రాస్తున్నాను, టపా లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. ఎవడు ఆ నోస్కె? పెళ్ళైనవాడా, కానివాడా? మా అమ్మాయి వెనకే ఎందుకు తిరుగుతున్నాడు? దిగితే దిగడం, నీళ్ళివ్వడం, ఇదంతా ఏమిటి? ఐవీ ఉత్తరాల్లో వాడి పేరే లేదు. ఉంటే అంత భయం ఉండేది కాదు. ఆ మనిషిని దాని వెనక రానివ్వకు. నా మాటగా చెప్పు.

నీ సమానత్వం బాగుంది. మీ మామయ్య గొర్రెల్ని కూడా తూస్తానంటున్నాడు.

అత్తయ్య

పీటర్‌బరో స్టేషన్
9 ఏప్రిల్, గురువారం

అత్తయ్యా,

రైలు దిగాం. సైకిళ్ళు దించుతున్నారు. మీ ఉత్తరం రైల్లో అందరికీ చదివి వినిపించాను. “మీ వదిన వెనక నేను రానమ్మా,” అన్నాడు నోస్కె. అప్పుడే ఓటు పెట్టాను. ఎవరూ ఎవరికీ కాపలా కాదు, ఎవరి వేగం వాళ్ళది, చీలికల దగ్గర ఆగడాలు లేవు. ఐదు చేతులు లేచాయి. వదిన చెయ్యే అందరికంటే ముందు. మొట్టమొదటిసారి నాయకుడు లేని గుంపు!

గార్డు లేడు కాబట్టి పనిముట్ల సంచి ఎవరిదీ కాకుండా పోయింది. వదిన వాటా నాలుగు పౌండ్లు తక్కువ తూగుతోంటే అందులో వేశాను. సరిగ్గా ముప్పై రెండు.

శనివారం మీకు పదిహేను మైళ్ళ దూరంలోనే ఉంటాం. పోస్టాఫీసు సెలవు గనక ఇది మీకు మంగళవారం గానీ అందదు. అప్పటికి మేం గెలిచి తిరిగొచ్చేస్తాం.

హిల్డా

కారిటన్
11 ఏప్రిల్, శనివారం, మధ్యాహ్నం నాలుగు గంటలు

అత్తయ్యా,

కుందేలు తోళ్ళు కొనే లారీ ఆయన జాన్‌బర్గ్ వైపు వెళ్తున్నాడు. ఇది ఆయన చేతికిస్తున్నాను. రేపు పొద్దున్నే తిరిగి ఇటే వస్తాడట. దయచేసి ఏదో ఒకటి రాసి పంపండి.

ఐవీ వదిన మాతో లేదు. మీ దగ్గరికి వచ్చిందా?

వరసగా చెప్తాను. పొద్దున ఏడింటికి ఒరొరూ నుంచి బయల్దేరాం. నేను ముందు. చల్లగా ఉంది, గాలి వీపు మీద కొడుతోంది, వెనక్కి చూడలేదు. మీ ఊరి దారి చీలిన చోట కూడా ఆగలేదు. పదిన్నరకి, కారిటన్ ఇంకా నాలుగు మైళ్ళుందనగా, రెండు టైర్లలోనూ పల్లేరు ముళ్ళు దిగాయి. గంటలో పెర్సీ వచ్చాడు, వాడిదీ అదే గతి. బర్ట్, డాట్‌లదీ అంతే. రెండో పంపు మీద పెర్సీ నిన్ననే కూర్చున్నాడు, విరిగింది. ఉన్న పంపు, సొల్యూషన్, అతుకులు అన్నీ వదిన సంచిలో. పోనీలే, వస్తుందిగా అనుకున్నాం. నవ్వుకున్నాం కూడా. నోస్కె వచ్చాడు. వదిన రాలేదు.

“నీ వెనకే కదా ఉంది?” అని అరిచాను.

“నేను వెనక ఉండకూడదన్నారు కదమ్మా. ముందొచ్చేశాను,” అన్నాడు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

ఆయన ఒక్కడి టైర్లే బాగున్నాయి. ఆ ఎండలో చీలిక దాకా వెళ్ళొచ్చాడు. మనిషి లేదట. మీ ఊరి దారిలో సైకిల్ జాడలున్నాయి గానీ అవి ఉన్ని కూలీలవని వదిలేశాడు. వాళ్ళు ఎప్పుడూ ఆ దారినే పోతారుగా. ఇప్పుడు మళ్ళీ వాగు వెంట వెతకడానికి వెళ్ళాడు. మేం టైర్లలో ఎండుగడ్డి కూరుకుని, నడిపించుకుంటూ ఈ ఊరు చేరాం. పెర్సీ ఇంటింటికీ వెళ్ళి గుర్రం అడుగుతున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధం అవుతుంది. నోస్కెకి అరవై రెండేళ్ళు, అత్తయ్యా. నలుగురు మనవలు. మీరు పొరపాటు పడ్డారని ఉత్తరం చూడగానే తెలిసింది. ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. మీ మాట నా వాదనకి పనికొచ్చింది. అందుకే అందరి ముందూ చదివాను. అప్పుడాయన టోపీ తీసి చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. నేను చూశాను, చూసి కూడా ఓటు పెట్టాను.

మీకిచ్చిన మాట తప్పాను. వదిన కనబడాలి, ఆ తర్వాత మీరేమన్నా పడతాను.

హిల్డా

జాన్‌బర్గ్
శనివారం, దీపాలు పెట్టే వేళ

హిల్డా,

ఐవీ ఇక్కడే ఉంది. మూడో మటన్ ముక్క తింటోంది. మొదట ఆ వాక్యం రెండుసార్లు చదువుకో, తర్వాత తిట్లు చదువు.

మధ్యాహ్నం రెండింటికి కుక్క మొరిగితే బయటికొచ్చాను. గేటు దగ్గర ఉన్ని కత్తిరించే ముసలి డూలన్, పక్కన నా కూతురు, ఇద్దరూ ఎర్ర దుమ్ములో తేడా తెలియకుండా ఉన్నారు. “నీ పిల్ల నా వెనకపడిందమ్మా ఎఫీ, ఈ వయసులో నాకిది తగునా?” అన్నాడు డూలన్. ఐవీ, “అమ్మా, ముందు నీళ్ళు, తర్వాత ఏడుపు,” అంది. చీలిక దగ్గర ఎవరూ లేరట. దుమ్ములో సైకిల్ జాడ తాజాగా ఉందట. మీదే అనుకుని కళ్ళు ఎత్తకుండా ఆ గీత పట్టుకుని తొక్కిందట. ఆరు మైళ్ళు పోయాక మనిషి కనబడ్డాడు. చూస్తే డూలన్, క్లాక్‌సన్‌గారి షెడ్డుకి పోతూ. ఊరు ఊరంతా ఎరిగిన సంగతే ఇది, ఆ దారిలో జాడ ఉన్నికూలీదని. పట్నం పోయి రెండేళ్ళకే మర్చిపోయింది. వెనక్కి తిరగడానికి నీళ్ళు లేవు. డూలన్ తన నీళ్ళలో సగం ఇచ్చి ఇంటిదాకా దిగబెట్టాడు. ఇప్పుడు దాని బెంగ తన గురించి కాదు తల్లీ, తను రాలేదని నువ్వు ఏమైపోతావోనని కంగారు పడుతోంది.

నేనేమనుకున్నానో తెలుసా? దాని మాట నమ్మక, నెమ్మదిగా వస్తోందని మీరే ఇంటికి తరిమేశారనుకున్నాను. సంచి విప్పితే పంపు, రెంచీలు, ఆరుగురి టీ పొడి! మీ ముఠా ఇనుప సామానంతా దీని నెత్తిన పెట్టి గెంటేశారనుకుని నీకు ఆరు పేజీల ఉత్తరం రాశాను. ఈ లారీ రాకపోయుంటే అదే వచ్చేది. ఇప్పుడు పొయ్యిలో ఉంది. నీ కరపత్రం కంటే బాగా మండింది.

ఊపిరి విన్నాను. చెవి ఆనించి విన్నాను, అది తిట్టినా వదల్లేదు. గలగల లేదు. గొర్రెపిల్ల ఊపిరిలా ఉంది. అప్పుడు పాలగిన్నె దించుతూ నేల మీదే కూర్చుండిపోయాను. మీ మామయ్య వచ్చి, పాలు ఒలికాయా అని అడిగాడు. లేదన్నాను.

ఇక ఆ నోస్కెగారు. అరవై రెండేళ్ళ మనిషి గురించి నేను ఏం రాశానో, దాన్ని నువ్వు ఎక్కడ చదివావో తలుచుకుంటే చెవులు కాలుతున్నాయి. తప్పు సగం నాది. ముందు అడగాలి, తర్వాత అనుమానించాలి. ఆయనకి వేరే కాగితం మడిచి పెట్టాను. నువ్వు తెరవకు. నీ సగం నువ్వే ఆయన మొహం చూసి చెప్పుకో. ఉత్తరం రాసి తప్పించుకోకు.

పంపు, అతుకులు లారీ ఆయనతో పంపుతున్నాను, ఎండుద్రాక్ష రొట్టె కూడా. పెర్సీ చేతికి ఇవ్వకు. ఐవీ రేపు తొమ్మిదింటికి చీలిక దగ్గర ఉంటానంటోంది. నేను ఒప్పుకోలేదు. అడ్డమూ పడలేదు. మీ మామయ్య దాని చెయిన్‌కి నూనె వేస్తున్నాడు.

“ఎందుకు చెయ్యెత్తావే ఆ ఓటుకి?” అని అడిగాను. “నా కోసం అందరూ ఆగుతుంటే సిగ్గేసిందమ్మా,” అంది. ఇది నీకు చెప్పొద్దంది. చెప్తున్నాను.

అత్తయ్య

బౌడన్
19 ఏప్రిల్, ఆదివారం

ఎఫీ అత్తయ్యకి,

మీ ఉత్తరంలో మొదటి వాక్యం రెండుసార్లు కాదు, ఎన్నిసార్లు చదివానో తెలియదు. చదివి కారిటన్ వీధి మధ్యలో కేక పెట్టాను. చర్చికి వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు. డాట్ ఏడ్చింది, పెర్సీ ఏడ్చి, కంట్లో దుమ్ము పడిందన్నాడు. నోస్కెగారు అప్పుడే మూడోసారి వెతకడానికి వెళ్ళబోతూ సైకిల్ మీద కాలు వేశారు. వినగానే కాలు దించి, సైకిల్‌ని గోడకి ఆనించి, దాని పక్కనే తనూ ఆనుకుని చాలాసేపు నిలబడ్డారు.

మీ కాగితం ఇచ్చాను. చదివి, “మీ అత్తయ్య చేతిరాత బాగుంది,” అన్నారు. అంతే. టోపీ అంచులో దోపుకున్నారు. నా సగం చెప్పుకోవడానికి నిలబడ్డాను. రాత్రంతా కూడబలుక్కున్న ఉపన్యాసం, మూడు భాగాలు. మొదటి భాగంలోనే పెర్సీ, “ముందు టైరులో గడ్డి తియ్యవే, చరిత్ర తర్వాత,” అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక, “మీకు అరవై రెండేళ్ళని తెలిసే చదివాను, నన్ను క్షమించండి,” అని మాత్రం అనగలిగాను. ఆయన, “ముప్పై ఏళ్ళు గార్డుగా చేశానమ్మా. ఒక్కసారి కూడా పెట్టె వదిలి రాలేదు. నిన్న వచ్చాను. కోపం నీ మీద కాదు,” అన్నారు. అంతకంటే తిట్టుంటే బాగుండేది.

చీలిక దగ్గర వదిన మాకంటే ముందే ఉంది. రాతి మీద కూర్చుని, “మళ్ళీ ఓటు పెడతారా?” అంది. పెట్టాం. త్రాసు ఓడిపోయింది. పెర్సీకి నలభై ఐదు పౌండ్లు, వదినకి పద్దెనిమిది. వాడు గర్వంతో ఉబ్బిపోయాడు. వదినే ముందు, ఆమె వేగమే అందరి వేగం. ఆఖర్న పంపు పట్టుకుని ఎవరు రావాలన్నప్పుడు నేను చెయ్యెత్తాను. నోస్కెగారు పనిముట్ల సంచి నా సైకిల్‌కి కట్టారు.

నాకు సమానత్వం మీద నమ్మకం పోలేదు, అత్తయ్యా. కరపత్రాలు పారేస్తానని ఆశ పెట్టుకోకండి. కానీ అవి రాసినవాళ్ళెవరూ ఆఖర్న తొక్కి ఉండరు. ముందున్నప్పుడు నాకు రోడ్డు మాత్రమే కనబడేది. వెనక నుంచి చూస్తే బర్ట్ ఎడమ మోకాలు బయటికి తిప్పి తొక్కుతాడని తెలిసింది. డాట్ కొండ ఎక్కేటప్పుడు పాడుతుంది, దిగేటప్పుడు పాడదు. వదిన ప్రతి అరగంటకీ తల కొంచెం పక్కకి తిప్పి, ఉన్నారో లేరో అని వింటుంది. ఏడు వారాలు కలిసి తొక్కాం, ఇవేవీ నేను చూడలేదు.

సోమవారం మధ్యాహ్నం హామండ్ దాటాక నాకే ముళ్ళు దిగాయి. నాకు సరిగ్గా ముందు పెర్సీ ఉన్నాడు. గాలి హోరులో నా కేక వాడికి వినబడలేదు. మలుపు తిరిగి వెళ్ళిపోయారు. పంపు నా దగ్గరే ఉంది, పంక్చర్ నాకు వచ్చు, భయమేమీ లేదు. అయినా దారి ఖాళీ అయిపోయేసరికి ఇంకో రెండుసార్లు కేక పెట్టాను. వదినకి శనివారం ఇలాగే ఉండి ఉంటుంది. పైగా ముందు ఎవరూ ఆగరని ఆమెకి తెలుసు. మాటిమాటికీ తలెత్తి మలుపు వైపు చూస్తుంటే పదకొండు నిమిషాల పని అరగంట పట్టింది.

వేసుకుని తొక్కాను. రెండు మైళ్ళ తర్వాత విల్మింగ్టన్ దారి, పాత గని దారి చీలే చోటికి వచ్చాను. రెండిట్లోనూ జాడలున్నాయి. ఆ జాడలు నేను చూడనక్కర్లేకపోయింది. దారి చూపే స్తంభానికి ఐదు సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. పొయ్యి వెలుగుతోంది. వదిన లేచి నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో మరి, ఎండకి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

నా కోసం ఎవరూ ఆగనక్కర్లేదని చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది.

“ఏమిటే ఇంతసేపు?” అంది వదిన.

“టీ ఉందా?” అన్నాను.

మీ
హిల్డా